మెయిలుకు దారి చెప్పే వరుస

నేను ఒక చిన్న వరుసను. కాగితం మీద కాదు, డొమైన్ అనే ఇంటర్నెట్ చిరునామా దస్త్రంలో రాసిన వరుసను. మమ్మల్ని డీఎన్ఎస్ రికార్డులంటారు. అందులో నా పేరు ఎంఎక్స్. ఈ డొమైన్‌కు వచ్చే మెయిళ్లను ఎక్కడికి చేర్చాలో అడిగినవాళ్లకు చెప్పడమే నా పని.

నన్ను రాసింది త్రినాథ్. విజయనగరం దగ్గర చిన్న ఊళ్లో వీణలు చేసే సోమాచారి గారి అబ్బాయి. తండ్రి వీణల పేరుతో డొమైన్ కొని, మా అందరినీ ఒక మధ్యాహ్నం కూర్చుని రాశాడు. నా పక్కనున్న ఎ రికార్డు, వెబ్‌సైటు ఏ యంత్రంలో ఉందో అంకెల్లో చెబుతుంది. సీనేమ్ ముద్దుపేరు లాంటిది, ముందు www అని చేర్చి పిలిచినా అదే ఇంటికి తీసుకెళ్తుంది. మా పేరుతో బయటికి వెళ్లే మెయిలు దొంగది కాదని టీఎక్స్‌టీ సాక్ష్యం పలుకుతుంది. మా దస్త్రం ఎవరి దగ్గరుందో లోకానికి చెప్పే పెద్దమనిషి ఎన్ఎస్. ఆయన వేలు ఎటు చూపిస్తే మా బతుకు అటు.

కాకినాడ నుంచి రుక్మాంబ గారి మెయిళ్లు నా దారినే వచ్చేవి. ఆవిడ వీణ టీచరు. గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది, ఫోను మూలపడింది. సోమాచారి గారిని ఒక వీణ చేసిపెట్టమన్నారు. ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఇదే ఆఖరి వీణ అనుకుని పనసకర్ర తొలిచారు. పూర్తికాగానే ఫొటో జతచేసి, ఎప్పుడు తెమ్మంటారని కొడుకు చేత మెయిలు పెట్టించారు.

సరిగ్గా ఆ వారమే త్రినాథ్ కొత్త పెళ్లాం సుహాసిని కొత్త వెబ్‌సైటు తయారుచేసింది. వీణ బొమ్మను తాకితే తీగ మోగుతుంది! ఆ ముచ్చటలో ఇద్దరూ దస్త్రాన్ని కొత్త కంపెనీకి మార్చారు. ఎ రికార్డును, సీనేమ్‌ను, టీఎక్స్‌టీని రాసుకున్నారు. నన్ను మరిచారు. మనుషులు కంటికి కనబడేదాన్నే ముందు మోసుకెళ్తారు.

పరీక్షించకపోలేదు. సుహాసిని ఇదే డొమైన్‌లో ఉన్న తన మెయిలు నుంచి భర్త మెయిలుకు ఏదో రాసి పంపింది. వెంటనే చేరింది.

"ఏవండీ, వచ్చేసింది!"

"పక్కనే కూచుని మెయిలేటే? నోటితో చెప్పొచ్చు కదా."

"నోటితో చెప్తే దాచుకోలేం కదా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి ఇచ్చే ఉత్తరానికి దారి చెప్పేవాళ్లు అక్కర్లేదని వాళ్లకు తట్టలేదు.

బయటి మెయిళ్లు మాత్రం నేను లేక, వెబ్‌సైటు ఇంటి తలుపు తట్టాయి. ఇక్కడ టపా తీసుకునేది లేదని ఆ యంత్రం తిప్పి పంపింది. పాత దస్త్రంలో నేను చిరునామా నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. అడిగేవాళ్లు లేరు.

"ఏటమ్మా, టీచరుగారి జవాబేటైనా వచ్చిందేటి?"

"లేదు మావయ్యా."

"ఫొటో నచ్చనేదేమో. ఫొటోలో నాదం వినబడదు కదా."

ఆయన వీణ మీద దుమ్ము తుడిచి, మళ్లీ గుడ్డ కప్పేవారు.

ఒకరోజు రుక్మాంబ గారి శిష్యురాలు ఇందుమతి కాకినాడ నుంచి వచ్చింది.

"టీచరుగారు పోయారండి. వీణ త్వరగా తెమ్మని మెయిలు మీద మెయిలు పెట్టారు. అన్నీ తిరిగొచ్చేశాయి. నేనెళ్లి అడుగుతానంటే వద్దన్నారు. ఆచారి గారికి నా మీద కోపమొచ్చినట్టుందని పలక మీద రాసి చూపించారండి."

త్రినాథ్ కంప్యూటరు ముందు కూలబడ్డాడు. దస్త్రం తెరిచి చూసి తల పట్టుకున్నాడు.

"మనం పరీక్షించాం కదండీ..." అంటూ సుహాసిని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే నన్ను కొత్త దస్త్రంలో రాశారు. ఒక్క వరుస. ఎంతోసేపు పట్టలేదు.

సోమాచారి గారు వీణ మీది గుడ్డ తీశారు. కోడల్ని పిలిచారు.

"టీచరుగారికి ఓ మెయిలు పెట్టు తల్లీ."

"మావయ్యా, ఆవిడ..."

"తెలుసునమ్మా. అయినా పెట్టు. వీణ సిద్ధంగా ఉందని రాయి. నాకు కోపం నేదని రాయి."

సుహాసిని కళ్లు తుడుచుకుంటూ రాసి పంపింది. వెళ్లే మెయిలుతో నాకు పని లేదు. జవాబంటూ వస్తే మాత్రం నన్ను అడిగే రావాలి.

ఇప్పుడు దేశదేశాల నుంచి అడుగుతున్నారు, చెబుతున్నాను. ఆ ఒక్క వైపు నుంచి మాత్రం ఎవరూ అడగలేదు.