ఆరు కన్నాలు

సిప్పీఘాట్‌లో అప్పలరాముడు మూసిన కన్నం మళ్లీ తెరుచుకుందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. నలభై ఏళ్లుగా డింగీలకు, అంటే చేపలు పట్టే చిన్న పడవలకు, ఫైబర్ అతుకులు వేస్తున్నాడు. తన చేతిమీదుగా వెళ్లిన డింగీలో చుక్క నీరు ఊరిందని ఎవరైనా అంటే ఆ పూట అతనికి అన్నం సహించదు. అలాంటి మనిషి ఇప్పుడు హేమమాలిని టీచరుగారి రేకుల షెడ్డులో ఓ పాత కారు కింద వెల్లకిలా పడుకుని, తుప్పు పొడి కళ్లల్లో రాలుతుంటే ఆ కారునీ, దాన్ని చేసినవాళ్లనీ, ఈ ఉప్పుగాలినీ వరసపెట్టి తిడుతున్నాడు.

ఆ కారు తెల్ల ప్రీమియర్ పద్మిని. టీచరుగారి తండ్రి పరంధామయ్య హాడో రేవులో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో, ఎనభై రెండులో, మద్రాసు నుంచి ఓడ మీద ఈ దీవికి తెప్పించాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది. టీచరుగారు రిటైరయ్యారు గానీ కారు తోలడం మాత్రం మానలేదు. కూరలకైనా కారే, గుడికైనా కారే. పోయిన నెల ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకెళితే ఇన్‌స్పెక్టరు తలుపు కింద గడపలా ఉండే రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది పండిన బొప్పాయిలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. ఆయన నెల గడువిచ్చాడు. ఈలోగా రేకు గట్టిపడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, కారు తుక్కు కిందికే.

టీచరుగారు అక్కడినుంచి నేరుగా అప్పలరాముడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రాముడూ, ఇంకెవరికో ఇస్తే పైన లప్పం పూసి, రంగు కొట్టి చేతులు దులుపుకుంటారు. నువ్వే చెయ్యి. మన షెడ్డులోనే చెయ్యి."

"నాను డింగీలోణ్ణమ్మా. కారు పని నాకేటి తెలుసు?"

"ముందు చేశావుగా! మూడేళ్లయింది, లోపలికి చుక్క రాలేదు."

నిజమే. మూడేళ్ల కిందట పోటు నీళ్లు రోడ్డెక్కినప్పుడల్లా కారు అడుగునుంచి నీళ్లు ఎగదన్ని టీచరుగారి కాళ్లు తడిసేవి. అప్పలరాముడు కింద దూరి చూస్తే గడపల అడుగున అటు మూడు, ఇటు మూడు కన్నాలు కనిపించాయి. కన్నం కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. ఆరింటికీ ఫైబర్ గుడ్డ వేసి, రెసిన్ జిగురు పోసి బిగించేశాడు. పైసా పుచ్చుకోలేదు. టీచరుగారు ఆ సంగతి కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నారు.

సరే, పని మొదలైంది. నాలుగు రోజులు పాత రంగు గీకడంతోనే సరిపోయింది. అప్పలరాముడు వైరు బ్రష్షుతో కింద, టీచరుగారు ముక్కాలి పీట వేసుకుని ఎమరీ పేపరుతో పైన. గీకుతున్నంతసేపూ ఆవిడది ఒకటే పాట.

"తప్పంతా నాదే రాముడూ. పోటు నీళ్లు చూసి ఆగాల్సింది. నువ్వు మూశావు కదా అన్న ధైర్యంతో ఉప్పునీళ్లలోంచి తోలేశాను. నాన్నగారుంటే ఏమనేవారో."

"ఉప్పునీళ్లు కదమ్మా, తినేస్తాయి," అనేవాడు అప్పలరాముడు.

ఐదో రోజు హాడో నుంచి దుర్గారావు వచ్చాడు. అప్పలరాముడికి అల్లుడి వరస, వెల్డింగు పనివాడు, లారీల, బస్సుల బాడీలు బాగుచేసేవాడు. గ్రైండరు పెట్టి కుళ్లిన గడప కోశాడో లేదో, లోపలినుంచి నల్లటి నీళ్లు భళ్లున కారాయి. సగం బకెట్టుకు తక్కువ ఉండవు. వాన పడి పది రోజులైంది. దుర్గారావు వేళ్లు లోపలికి పెట్టి తడిమి, చుట్టూ చూశాడు. టీచరుగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్లి ఉన్నారు.

"మావా, ఈడ కంపెనీవోళ్లు పెట్టిన కన్నాలుండాల. ఎవడో పక్కాగా మూసేసినాడు."

"నానే మూసినాను. టీచరమ్మ కాళ్లు తడిసిపోతన్నాయంటే."

దుర్గారావు తల పట్టుకున్నాడు. "అరే మావా! డింగీకైతే నీళ్లు లోపలికి రాకూడదు, ఠీక్ హై. కారుకి నీళ్లు పైనుంచొస్తాయి. అద్దం సందులోంచి వానంతా డోర్లోకి దిగుద్ది, ఆణ్ణించి ఇందులోకొస్తాది. అది బయటికి పోడానికే ఈ కన్నాలు. నువ్వు మూసేస్తే ఏడకి పోద్ది? లోపలే నిలబడి మూడేళ్లూ తినేసింది."

అప్పలరాముడు ఉలి తీసుకుని తను వేసిన అతుకు ఒకటి ఊడదీయబోయాడు. రాలేదు. చుట్టూ ఉన్న రేకు పొడిపొడిగా రాలిపోయింది గానీ, అతుకు మాత్రం వేసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. తన పనితనం చూసి తనే సిగ్గుపడటం అతనికి అదే మొదటిసారి.

"నేనెవరికీ చెప్పన్లే మావా," అన్నాడు దుర్గారావు గొంతు తగ్గించి.

అంతలో టీచరుగారు టీ గ్లాసులతో వచ్చి నేలమీద మడుగు చూశారు. "చూశావా దుర్గారావూ, నా నిర్వాకం! ఎన్ని నీళ్లు పట్టించానో!"

దుర్గారావు టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. చెప్పాల్సింది అప్పుడే. అప్పలరాముడికి ఆ సంగతి తెలుసు. నోరు తెరిచాడు, టీ తాగాడు, మూశాడు.

మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య కాళమ్మ ఊరుకోలేదు. నిలదీసి అడిగితే జరిగింది చెప్పాడు.

"మరి ఆ మాట టీచరమ్మకి సెప్పీ."

"నలబై ఏళ్ల పేరే, కాళీ."

"ఆ పేరు కారుకి అతికించి తుక్కుకి పంపుతావేటి?"

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ముందు కారును నిలబెట్టాలి, మాటలు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. చెప్పడానికి భయపడేవాడికి ఇలాంటి సాకులు వద్దన్నా దొరుకుతాయి. కానీ ఆ మొదటి సగం మాత్రం సాకు కాదు. కారును నిలబెట్టి తీరాలని అతను నిజంగానే పంతం పట్టాడు.

ఆ రోజునుంచి డింగీ పనులన్నీ పక్కన పెట్టేశాడు. తుప్పు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపకుండా, మెరిసే రేకు తగిలేదాకా కోసేశాడు. కొత్త రేకును కొలిచి వంచి, దుర్గారావు చేత అతికించాడు. పన్నెండో రోజు ఎడమ గడప మీద తనే స్క్రూడ్రైవర్ పెట్టి బలమంతా వేసి నొక్కితే ఓ మూల చిన్న సొట్ట పడింది. దుర్గారావు "చల్తా హై, నడిచిపోద్ది" అన్నాడు. అప్పలరాముడికి అది చెల్లలేదు. మొత్తం కోయించి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రాత్రి మోకాళ్లు వంగలేదు, తెల్లారేసరికి మళ్లీ షెడ్డులో ఉన్నాడు.

కొత్త గడపలకు ఆరు కన్నాలూ తనే తొలిచాడు. జీవితమంతా కన్నాలు మూసిన చేతికి కన్నం తొలవడం ఎంత కష్టమో ఎవరికి చెబితే అర్థమవుతుంది? డ్రిల్లు పట్టుకుని చాలాసేపు కూర్చుని గానీ మొదటిది వేయలేకపోయాడు. ఆ తర్వాత తుప్పు పట్టకుండా రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాడు. గడపల లోపలికి మాత్రం తన తాతల పద్ధతే. వాళ్లు పడవ చెక్కలకు పట్టించినట్టు, చేపనూనె గోరువెచ్చగా కాచి పోశాడు. అది సందుసందులోకీ పాకి, మిగిలింది ఆరు కన్నాల్లోంచి బొట్లుబొట్లుగా కారిపోయింది. దుర్గారావు కూడా ఇది మంచి పనేనని ఒప్పుకున్నాడు. వాసనకు చుట్టుపక్కల పిల్లులన్నీ షెడ్డులో మకాం పెట్టాయి.

"నేను బడిలో ఉన్నప్పుడు కూడా ఇంత హాజరు లేదు," అన్నారు టీచరుగారు, పిల్లులను లెక్కపెడుతూ. ఆ వెంటనే మళ్లీ, "అంతా నా మూలంగానే నీకీ అవస్థ," అన్నారు. అప్పలరాముడు కారు కిందికి దూరిపోయాడు.

ఇరవై ఎనిమిదో రోజు కారు తెల్లగా మెరుస్తూ తనిఖీ వరసలో నిలబడింది. ముందూ వెనకా ఆటోలు, జీపులు, వాటి డ్రైవర్లు. ఇన్‌స్పెక్టరు స్క్రూడ్రైవర్‌తో గడపను ఓ చోట పొడిచాడు, ఇంకో చోట పొడిచాడు. రేకు చెక్కుచెదరలేదు. ఆయన వంగి, అడుగున టార్చి వేసి చూశాడు.

"మేడమ్, యే ఛేద్ క్యా హై? ఈ కన్నాలు తుప్పు తిన్నవా?"

టీచరుగారు కూడా వంగి చూసి గాభరాపడ్డారు. "అయ్యో రాముడూ, వీటిని మర్చిపోయావేం? సార్, పది నిమిషాలు ఆగండి. ఇదివరకూ ఇతనే మూశాడు, మూడేళ్లు చుక్క రాలేదు. ఫైబర్ సామాను డిక్కీలోనే ఉంది. మూసెయ్ రాముడూ."

డ్రైవర్లందరూ ఇటే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి అప్పలరాముడు తెలుసు. పది నిమిషాల పని. మూసేస్తే ఇవాళ కారు గట్టెక్కుతుంది, తన పేరూ నిలుస్తుంది. లోపల మళ్లీ నీళ్లు నిలబడితే అది ఎప్పటి మాటో, అప్పటికి ఎవరుంటారో. అప్పలరాముడి చెయ్యి డిక్కీ మీద పడింది కూడా.

"మూయనమ్మా," అన్నాడు.

"ఏమిటీ?"

"మూయను." ఈసారి గట్టిగానే వచ్చింది గొంతు. "సార్, ఇయి తుప్పు కన్నాలు కావు. నీళ్లు పోడానికి నానే పెట్టినాను. కంపెనీవోళ్లు పెట్టినయ్యి మూడేళ్ల కింద డింగీ అనుకోని నానే మూసేసినాను. అందుకే ఈ కారు కుళ్లిపోయింది. టీచరమ్మ తప్పేటీ లేదు. తప్పు నాది."

ఓ ఆటో డ్రైవరు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టరు సీసా తెప్పించి, అద్దం సందులోంచి నీళ్లు పోసి వంగి చూశాడు. కాసేపటికి కిందినుంచి ధార కట్టింది. రెండో వైపూ అలాగే చేశాడు. అదీ కారింది. ఆయన లేచి కాగితం మీద సంతకం పెట్టి టీచరుగారి చేతిలో పెట్టాడు.

"పాస్. ఛేద్ ఐసే హీ రఖ్నా. కన్నాలు ఇలాగే ఉండాలి."

అప్పలరాముడి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. కానీ టీచరుగారి ముఖం చూసేసరికి అంతకంటే పెద్దది ఎక్కి కూర్చుంది. ఆవిడ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, మాటాపలుకూ లేకుండా కారెక్కారు. వెనక సీట్లో కూర్చోబోయిన అప్పలరాముడికి ముందు తలుపు తెరిచి చూపించారు, అంతే.

సిప్పీఘాట్ దగ్గరికొచ్చేసరికి పోటు నీళ్లు రోడ్డెక్కి ఉన్నాయి. టీచరుగారు నీళ్ల అంచున కారు ఆపారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఐదో రోజునమ్మా. గడప కోసినప్పుడు."

"అంటే ఇరవై మూడు రోజులు. నన్ను నేను తిట్టుకుంటుంటే, మా నాన్నగారి పేరెత్తి ఏడుస్తుంటే, పక్కనే కూర్చుని విన్నావు."

"ఇన్నానమ్మా."

ఇంకేదైనా చెప్పుకోవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. కళ్లు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికీ సిగ్గుగా ఉంది. దిగి నడిచిపోదామని తలుపు పిడి మీద చెయ్యేశాడు.

"కన్నాలు మూసినందుకు నాకు కోపం లేదు రాముడూ," అన్నారావిడ. "నా కాళ్లు తడుస్తున్నాయనే మూశావు. ఆ ఇరవై మూడు రోజులకే కోపం."

అతను తలూపాడు.

"ఈ నీళ్లు ఎప్పుడు తీస్తాయి?"

ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట అడగడం ఇదే మొదలు. అప్పలరాముడు అద్దంలోంచి తల బయటపెట్టి, మడచెట్ల వేళ్లు ఎంతమేర మునిగాయో చూశాడు.

"పాటు మొదలైందమ్మా, నీళ్లు ఎనక్కి పోతన్నాయి. గంటన్నర పడతాది."

టీచరుగారు ఇంజను ఆపి, తాళం చెవి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అయితే ఈ గంటన్నరా నిన్ను తిడతాను. కూర్చో."

అప్పలరాముడు తలుపు మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని సరిగ్గా కూర్చున్నాడు.

"తిట్టండమ్మా," అన్నాడు.