ముందు సీట్లో నీడ

పొద్దున్నే స్కూలు వ్యాన్ హారన్ మోగిందంటే ఆ అపార్ట్‌మెంట్‌లో కుక్కర్లు కట్టేస్తారు, తండ్రులు బనీన్ల మీదే సంచులు పట్టుకుని లిఫ్టు దగ్గరికి పరిగెడతారు, ఎవరి పిల్లకో రెండో బూటు కనబడదు. నాలుగో అంతస్తు పెద్దావిడ మాత్రం అప్పటికే మనవరాలి చెయ్యి పట్టుకుని గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆవిడకి అందరూ కలిసి పెట్టిన పేరు ఆరాలమ్మ. ఎదురుగా అనరు లెండి, అంత గుండె ఎవరికుంది! ఎవరింటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, వెళ్ళేటప్పుడు చేతిసంచి బరువెక్కిందా తేలికైందా, అన్నీ ఆవిడకి కావాలి. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

పైగా ఆవిడకో సదుపాయం ఉంది. ఆవిడ పుట్టింటి ఆడవాళ్ళకి నీడల్ని పనికి పంపే అలవాటు. స్టవ్ మీద పాలు పెట్టి, "పొంగకుండా చూడవే" అని నీడని అక్కడ నిలబెట్టి తను బాల్కనీలోకి వెళ్ళిపోతుంది. మేడ మీద ఆరేసిన బట్టలకి నీడే కాపలా. సాయంత్రం అది తిరిగొచ్చి పాదాలకి అతుక్కుంటే, చూసిందంతా మెల్లగా మోకాళ్ళకి ఎక్కుతుంది. మోకాళ్ళు రుద్దుకుంటూ ఆవిడ సంగతులన్నీ తెలుసుకుంటుంది. కాస్త వంగిన వీపు, నడినెత్తిన ముడి, ఆ నీడ ఎక్కడున్నా ఇట్టే గుర్తుపట్టొచ్చు. వాచ్‌మన్ దానికి గేటు తీస్తాడు, లిఫ్టులో జనం దాన్ని తొక్కకుండా కొంచెం జరుగుతారు, అంతే. కోడలు మాత్రం ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు తలుపు కింద సందులో గుడ్డ దూర్చుకుంటుంది. అత్తగారితో కాపరం చేసినవాళ్ళకి అది తప్పు అనిపించదు.

వ్యాన్ నడిపే అతన్ని పిల్లలు వ్యాన్ మామ అంటారు. అతను వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళ మనిషి. ఆ ఊళ్ళో వాళ్ళున్నదే కొద్దిమంది, ఆ కొద్దిమందిలో చాలామంది బతుకు వ్యాన్ల మీదే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ అక్కర్లేదు. మంత్రిగారు కొత్త రోడ్డు ప్రారంభించడానికి రాకపోయుంటే అక్కర్లేకుండానే ఉండేది.

రోడ్డు గురించి చెప్పడానికి ఏముంటుంది? నల్లగా ఉంది, పొడుగ్గా ఉంది, అయిపోయింది. జనం కుర్చీల్లోంచి లేస్తున్నారు. అప్పుడు మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "మన పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నది ఎవరు? వాళ్ళే కదా! దారిలో ఎక్కడ ఆపుతున్నారో, పిల్లలకి ఏం నూరిపోస్తున్నారో ఎవరైనా చూశారా? నేనేమీ అనట్లేదు. అడుగుతున్నానంతే!"

లేచినవాళ్ళు కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు. సాయంత్రానికల్లా ఆ మాట ప్రతి ఫోనులోకీ చేరింది. మర్నాడు ప్రతిపక్షం ఆయన, తనెక్కడ వెనకబడిపోతానో అని, "ఈ మాట మేం ఎప్పుడో చెప్పాం" అన్నాడు. ఎప్పుడు చెప్పారు, ఏం చెప్పారు అని అడిగిన నాథుడు లేడు. ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమనే జనం కదా మనం!

లిఫ్టులో మొదట నోరు విప్పింది ఆరాలమ్మే. "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అంది. ఆ ఒక్క మాటా చాలింది. ఆ రోజు నుంచి వ్యాన్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే బాల్కనీల్లో మనుషులు తేలారు. త్వరగా వస్తే, ఏదో దాచిపెట్టడానికే తొందరపడ్డాడన్నారు. వ్యాన్ మామ నవ్వితే ఎందుకు నవ్వాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు! పాపం, మొహం ఎలా పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఆరాలమ్మ మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని విచారణ మొదలెట్టింది.

"వ్యాన్ మామ మీకేం చెప్తాడే?"

"చెయ్యి కిటికీ బయట పెట్టొద్దంటాడు."

"ఇంకా?"

"తల కూడా పెట్టొద్దంటాడు."

"అది కాదే. దేవుడి గురించి ఏమైనా చెప్తాడా?"

పిల్ల బాగా ఆలోచించింది. "మేం గోల చేస్తే, దేవుడా అంటాడు."

ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆరాలమ్మకి ఇంకా అనుమానం. మర్నాడు నీడని పిలిచి, "వ్యాన్ ఎక్కు. కన్నార్పకు" అని పంపింది.

నీడ ముందు సీట్లో కూర్చుంది. వ్యాన్ మామ దాన్ని చూశాడు, ఎవరిదో తెలిసింది, ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. సీటు మీద దుమ్ము తుడిచి బండి తీశాడు.

సాయంత్రం ఆరాలమ్మ తలుపేసుకుని మోకాళ్ళు రుద్దుకుంది. పొద్దున్న నీడ చూసింది చూసినట్టు ఎక్కింది: బడి గోడ పక్కన వ్యాన్ ఆగింది, పిల్లలంతా దిగిపోయారు. అప్పుడు అతను లోపలికెక్కి తలుపు దగ్గరికేసుకున్నాడు. దొరికాడు అనుకుంది ఆరాలమ్మ! అతను మోకాళ్ళ మీద వంగి, ఒక్కో సీటు కిందా చెయ్యి పెట్టి తడుముకుంటూ వెనకదాకా పాకాడు. చివరి సీటు కింద ఒక బుడ్డిది నిద్రపోతోంది, కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. దాన్ని భుజాన వేసుకుని, బూటు చేత్తో పట్టుకుని తరగతి గదిదాకా వెళ్ళి దింపి వచ్చాడు. ఎండలో తలుపులేసిన వ్యాన్‌లో పిల్ల మిగిలిపోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు, ఎవరికి తెలీదు!

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సీట్ల కింద ఎవరూ లేకపోయినా వెతకడం మానలేదు.

సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు ఆయన ఫోన్ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. రోడ్డు అవతల నుంచి తీశాడు. ఖాళీ వ్యాన్, తలుపు మూసి ఉంది, లోపల అతను మోకాళ్ళ మీద పాకుతున్నాడు. కింద ఒక్క లైను: "ఏం దాస్తున్నట్టు?" గ్రూపు భగ్గుమంది. కమిటీ మీటింగు పెట్టాలన్నారు, వ్యాన్ మార్చాలన్నారు. ఈ అపార్ట్‌మెంట్ పోతే వ్యాన్ మామకి వేరే పిల్లలు లేరు, ఇంకెవరూ ఇవ్వరు కూడా. ఆ వీడియో ఊరంతా తిరుగుతోంది మరి.

ఆరాలమ్మ వీడియో చూసింది. అతను ఏం చేస్తున్నాడో ఆ భవనంలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. తెలిసినా మనసు ఒప్పుకోలేదు. అంత పెద్ద మంత్రి ఊరికే అంటాడా? గోడ మీది నీడ వైపు గుడ్లురిమి చూసింది. "నిజం చెప్పవే. నీకేం మందు పెట్టాడు? వాడి వైపు తిరిగిపోయావు కదూ!"

ఆ మాటకి నీడ రోషపడింది. పాదాలు వదిలేసి, గోడ దిగి, తలుపు కిందనుంచి జారుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి తిరిగి రాలేదు.

సరే, మాట ఎక్కడ పుట్టిందో అక్కడే తేల్చుకుందామని ఆరాలమ్మ మర్నాడు మంత్రిగారింటికి వెళ్ళింది. ముందు గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

"బాబూ, మీరు చెప్పిన వ్యాన్ సంగతి కనుక్కుందామని వచ్చాను."

"ఏ వ్యాన్ అమ్మా?" అన్నాడు మంత్రిగారు. పక్కనున్న సహాయకుడు చెవిలో ఏదో ఊదాడు. "ఓ, రోడ్డు మీటింగా! అదేదో మాట ఊపులో వచ్చిందమ్మా. ఎవరో అన్నారు."

"ఎవరన్నారు?"

"ఎవరో. అన్నీ గుర్తుంటాయా?"

"పోనీ ఏ పిల్ల? ఏ బడి? ఎక్కడ ఆపాడు? నా మనవరాలు రోజూ ఎక్కుతోంది బాబూ, నాకు కంటిమీద కునుకు లేదు."

మంత్రిగారు నవ్వాడు. "అంత లోతుకి ఎవరెళ్తారమ్మా! జాగ్రత్తగా ఉండమన్నాను. జాగ్రత్త మంచిదే కదా?" సహాయకుడు ఆవిడ చేతిలో మంత్రిగారి బొమ్మ ఉన్న క్యాలెండరు పెట్టి, తర్వాతి వాళ్ళని పిలిచాడు.

ఆరాలమ్మ జన్మలో ఇంత చేతకాని చాడీ వినలేదు. చాడీ చెప్పాలన్నా ఒక పేరుండాలి, చోటుండాలి, వేళ ఉండాలి. ఆవిడ ఎన్ని చెప్పింది, ఎన్ని విన్నది! ఇలా గాలి పోగుచేసి మూట కట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా తనలో తను తిట్టుకుంది, ఆయన్ని సగం, తనని సగం.

ఇంటికొచ్చి కొడుక్కి చెప్పింది. కొడుకు ముందు లేచి కిటికీ మూశాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, మీటింగులో నోరెత్తకు. మూడో అంతస్తు మాస్టారు 'పాపం, ఏం చేశాడని' అన్నాడట. అప్పట్నుంచీ ఆయనతో ఎవరూ లిఫ్టెక్కట్లేదు. వాళ్ళ దగ్గర ఏం పుచ్చుకున్నాడో అంటున్నారు. నాకూ ఉద్యోగం ఉంది, పిల్ల ఉంది."

"అంత మాట ఎవరంటున్నారురా?"

"ఎవరో" అన్నాడు కొడుకు.

మీటింగు సెల్లార్‌లో పెట్టారు. కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు, పైన ట్యూబ్‌లైటు. వ్యాన్ మామని రమ్మన్నారు కానీ కూర్చోమనలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతని పక్కన గోడ మీద, వంగిన వీపుతో, నడినెత్తిన ముడితో ఆరాలమ్మ నీడ. అందరూ చూశారు, చూసి చూపు తిప్పుకున్నారు. ఆరాలమ్మ కుర్చీ కింద నేల బోసిగా ఉంది.

"సీట్ల కింద ఏం చేస్తున్నావు?" అని కమిటీ సెక్రటరీ అడిగాడు.

"పిల్లలెవరైనా నిద్రపోయారేమోనని చూస్తానండి."

"రోజూనా?"

"రోజూ చూస్తేనే కదండీ."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "బాగానే తయారుచేసుకున్నాడు" అన్నారింకెవరో.

ఆరాలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది మాట. కొడుకు ఆవిడ మోచేతిమీద చెయ్యి వేశాడు. మాట మింగేసింది.

"వ్యాన్ మార్చాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు సెక్రటరీ.

చేతులు లేచాయి. పక్కవాళ్ళు ఎత్తారా లేదా అని చూసుకుంటూ లేచాయి. మాస్టారు తల దించుకుని మెల్లగా ఎత్తాడు. చుట్టూ చూపులు తనమీద వాలుతుంటే ఆరాలమ్మ కూడా ఎత్తింది. ఎత్తి, వ్యాన్ మామ మొహం చూడలేక నేల చూసింది.

"ఉండాలన్నవాళ్ళు?" అని అలవాటు కొద్దీ అడిగి, సెక్రటరీ లేవబోయాడు.

గోడ మీద నీడ చెయ్యెత్తింది.

సెక్రటరీ గోడ వైపు చూశాడు, ఆరాలమ్మ వైపు చూశాడు. పాపం పద్ధతి ప్రకారం నడిచే మనిషి, ఇబ్బందిపడ్డాడు.

"పిన్నిగారూ, మీరు రెండు వైపులా ఎత్తారు. ఒక్కటే లెక్కలోకొస్తుంది. ఏది రాసుకోను?"

కొడుకు వేళ్ళు మోచేతి మీద బిగుసుకున్నాయి. ఆరాలమ్మ ఆ వేళ్ళు విడదీసి లేచి నిలబడింది. భయంగానే ఉంది, దాచుకోలేదు.

"దాన్నే రాసుకో నాయనా. అది రోజూ వ్యాన్‌లో కూర్చుని చూసింది. నేను ఫోన్లో విన్నదాన్ని. మంత్రిగారిని అడిగితే తన మాట తనకే గుర్తులేదు. ఈ అబ్బాయి వెతక్కపోతే చివరి సీటు కింద నిద్రపోయిన పిల్ల ఏమయ్యేదో! మీ పిల్లే కావచ్చు. నిప్పు లేనిదే పొగ రాదని లిఫ్టులో అన్నది నేనే. నా నోటికి తాళం లేక అన్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సెక్రటరీ మళ్ళీ చేతులెత్తమన్నాడు. మాస్టారు ఈసారి తలెత్తి అటువైపు ఎత్తాడు. ఆరాలమ్మ కోడలు, భర్త వైపు చూడకుండా, ఎత్తింది. ఇంకొన్ని లేచాయి. మార్చాలన్న చేతులూ తక్కువేం కాదు. చివరికి ఎవరిష్టం వాళ్ళదన్నారు. సగం ఇళ్ళవాళ్ళు పిల్లల్ని వేరే వ్యాన్‌కి మార్చారు, సగం మంది ఉంచారు. వ్యాన్ మామ బతుకు ఎలాగో నిలదొక్కుకుంది. ఆ వారంలోనే మంత్రిగారు ఇంకో ఊళ్ళో, వాళ్ళ దర్జీలు బట్టల్లో ఏం పెట్టి కుడుతున్నారో అని అడిగాడు. అడగడమే లెండి, అంతకన్నా ఏమీ అనలేదు.

మీటింగు మర్నాడు పొద్దున్న పిల్లలెక్కాక ఆరాలమ్మ వ్యాన్ ముందు తలుపు దగ్గరికి వెళ్ళింది. నీడ సీట్లో కూర్చునుంది.

"చాల్లే, ఇంటికి పద" అంది దానితో. తర్వాత అతని వైపు చూడలేక చూసింది. "నీ మీద నాకే అనుమానమూ లేదు నాయనా. ఇంకెప్పుడూ పంపను."

వ్యాన్ మామ స్టీరింగు మీద చేతులు తీయలేదు. "పంపండమ్మా" అన్నాడు.

"ఎందుకు? లేదంటున్నాగా!"

"మీకు లేదమ్మా. నాకుంది." అతను తలెత్తి బాల్కనీల వైపు చూశాడు. అక్కడ మనుషులు నిలబడి ఉన్నారు. "రేపు ఇంకెవరో ఇంకేదో అడుగుతారు. నేను సీట్ల కింద వెతకడం మానలేను కదా. వెతికేటప్పుడు మీలో ఒకరు పక్కనుండాలి. నేను చెప్తే నమ్మరమ్మా."

ఆరాలమ్మకి తల తీసేసినట్టయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నీడ వైపు వంగింది.

"ఇతని దగ్గరే ఉండిపో. సాయంత్రం కూడా రావద్దు" అంది.

తలుపు తనే వేసింది. వ్యాన్ వెళ్ళిపోయాక ఎండలో ఒక్కతే లిఫ్టుదాకా నడిచింది.