జొన్నబెండు బండి

తమ్ముడు జయపాల్ బైకు మీంచి పడ్డాడని ఫోన్ వచ్చేసరికి వసంత హైదరాబాద్‌లో యంత్రం ముందు కూర్చుని ఫోమ్ ముక్కల్ని నొక్కిస్తోంది. ఫోమ్ దిమ్మలు, తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉండే తేలికపాటి పలకలు ఎంత ఒత్తిడి దాకా ఓర్చుకుంటాయో, ఎప్పుడు కుంగిపోతాయో ముందే చెప్పడం ఆమె పని. యంత్రం ఆపి, దొరికిన బస్సెక్కింది.

మానవపాడు చేరేసరికి పొద్దు వాలింది. తమ్ముడు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోచేతికి కట్టు తప్ప ఇంకేమీ లేదు. వాళ్ల నాయనమ్మ ఈరమ్మ పక్కనే కూర్చుని రొట్టె తుంచి పెడుతోంది.

"అడవిపంది అడ్డమొచ్చిందక్కా. పోయి గట్టురాయికి గుద్దుకున్న. హెల్మెట్ లేకుంటే తలకాయ పలుగుతుండె."

వసంత హెల్మెట్ తీసుకుని లోపలి గుడ్డ పక్కకు తప్పించింది. కింద తెల్లటి థర్మాకోల్ ఒకవైపు అణిగిపోయి ఉంది.

"దీన్నింక పెట్టుకోకు తమ్మీ."

"పైన గీత పడింది, గంతే. నన్ను బతికించినదాన్ని ఎట్ల పారేస్త?"

వసంత హెల్మెట్‌ను వెలుగువైపు తిప్పింది. ఆ గుంటలో బొటనవేలు పెట్టి మెల్లగా తడిమింది. ఈ మెత్తదనం ఆ వేలికి ఎప్పటినుంచో తెలుసు.

చిన్నప్పుడు అమ్మానాయన బొంబాయికి మట్టిపనికి పోయి, పిల్లలిద్దర్నీ ఈరమ్మ దగ్గర వదిలారు. అప్పుడు ఊరిచుట్టూ నల్లరేగడిలో పచ్చజొన్న. కోతలయ్యాక దంట్లు తెచ్చుకుని, వేళ్లు కోసుకోకుండా పైబద్ద ఒలిచి, లోపలి తెల్లని బెండుతో బండి కట్టేవాళ్లు. అమ్మ కావాలని జయపాల్ ఏడుస్తుంటే వసంత ఒక మాట కల్పించింది: రోజూ బండిలో ఒక రాయి వేద్దాం, బండి కూలిననాడు అమ్మ వస్తుంది.

వాడు ఏడుపు మానేశాడు. కానీ రోజూ అడిగేవాడు, "ఎప్పుడు ఇరుగుతదక్కా?" ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆమె ఇరుసును చూసేది, బెండును వేలితో నొక్కి చూసేది. చాన్నాళ్లు ఏమీ కానట్టే ఉండేది. ఒక సాయంత్రం ఒక్క చోట నలిగింది, ఆ పక్కది నలిగింది, బండి కూలబడింది. వాడు ఎర్రబస్సు ఆగే దాకా ఉరికి, చీకటిపడ్డాక వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇన్నేళ్ల చదువులో ఏ లెక్క తప్పినా ఆమెకు ముందు గుర్తొచ్చేది ఆనాటి వాడి ముఖమే.

"బెండుబండి యాదికుందారా?" అంది.

జయపాల్ నవ్వాడు. "ఎందుకు లేదు? అది కూలినంక గూడ అమ్మ రాలె."

"నలిగిన బెండు మళ్ల ఉబ్బుతుండెనా?"

"లేదు."

"ఇది గూడ గంతే. దీంట్ల సన్నసన్న గదులుంటయి. నీకు తగలాల్సిన దెబ్బ అవి మింగి నలిగిపోయినయి. ఇంకోసారి మింగనీకె ఏం మిగల్లే."

వాడు హెల్మెట్‌ను ఒళ్లోకి తీసుకుని ఆ గుంటను తనూ వేలితో తడిమాడు.

"అమ్మ ఎప్పుడొస్తదో నీకు నిజంగనే ఎరుకనుకున్న అక్కా అప్పుడు."

వసంత వాడి మోచేతి కట్టు సర్దింది. ఈరమ్మే అందుకుంది. "మీ అమ్మకే తెల్వదురా ఎప్పుడొస్తదో. ఈ పోరికేం తెలుస్తది?"

ముగ్గురూ నవ్వారు. ఆ రాత్రి తిండయ్యేదాకా ఆ ముచ్చట్లే. ఇప్పుడు చేలన్నీ మిరప, పత్తి అయిపోయాయని, ఒలిచి చూపిద్దామంటే పిల్లలకు జొన్నదంటు కూడా దొరకదని జయపాల్ అన్నాడు.

మర్నాడు అక్కాతమ్ముళ్లు గద్వాల పోయి కొత్త హెల్మెట్ తెచ్చారు. పాతదాన్ని మాత్రం వాడు పారెయ్యనివ్వలేదు. ఈరమ్మ దాన్ని వెల్లకిలా మూలన పెట్టి, ఇంత గడ్డి వేసింది. వసంత బయల్దేరే వేళకు అందులో ఎర్రకోడి ముడుచుకుని కూర్చుంది.