అమ్మవారి గంటకు రాగి

జగ్గమ్మకు కోపమొస్తే వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఆ శ్రావణంలో వచ్చిన కోపం ముందు మాత్రం అంతకు ముందువన్నీ ఉత్త చిరాకులే.

అమ్మవారికి కొత్త గంట పోత పోస్తున్నారు. ఇంటికో వాటా లోహం ఇవ్వాలి. గుడి అరుగు మీది చాటలో వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. ఎవరేం ఇచ్చారో అడగకూడదు, ఇంట్లోవాళ్లకైనా చెప్పకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. జగ్గమ్మ తన పుట్టింటి ఇత్తడి బిందె పట్టుకొచ్చింది. వాటా సంగతి తను చూసుకుంటానని మొగుడు రాముడు అన్నాడు గానీ, అతను చూసుకున్న పనులు ఆమెకు తెలియనివా?

బిందె దించబోతూ ఆగిపోయింది. పగిలిన చెంబుల కింద రాగి తీగ, చుట్టలు చుట్టలుగా ఉంది. పొద్దున్నే రోడ్డు పక్క టెలిఫోను స్తంభాలు బోసిగా కనిపిస్తే, బాగు చేస్తున్నారు కాబోలనుకుంది. ఒళ్లు భగ్గుమంది.

ఎగువ కొండల్లో వాన కురిసి నాగావళి పొంగితే, ఆ తీగ మీదే పోస్టాఫీసుకు కబురొస్తుంది. ఊళ్లో చాటింపు వేసే లక్ష్ముడు గట్టు మీద డప్పు కొడతాడు. ఏటి మధ్య ఇసుక తిప్పల మీద పశువులు మేపుకునేవాళ్లు గట్టెక్కుతారు. ఆ పూట రాముడు ఎడ్లతో తిప్ప మీదే ఉన్నాడు.

పోస్టుమాస్టరు కాశీవిశ్వనాథం ఆ గుడి అరుగు మీదే తాపీగా తాంబూలం నములుతున్నాడు.

“మేస్ట్రు బాబూ, ఫోను మోగినాదా?”

“నిన్నటి నుంచీ లేదు జగ్గమ్మా. మోగలేదంటే ఏరు నెమ్మదిగా ఉన్నట్టే కదా!”

“తీగ ఇక్కడుంటే ఏటి మోగుతాది, నీ తలకాయా? కొండల కేసి సూడు, ఎలగ కమ్ముకున్నాదో!”

పక్కనే కూర్చున్న ప్రెసిడెంటు గణపతిరావు కసిరాడు. “ఒసే, అది అమ్మోరి వాటా. ఎవరిదని అడక్కూడదు. నోరు ముయ్యి.”

“ముయ్యను మావా! నా మొగుడు ఏట్లో ఉన్నాడు. ఈ తీగ తెంపినోడి సేతులు ఇరిగిపోనూ! ఆడి కొంప కూలిపోనూ!”

బిందె అరుగు మీదే వదిలేసి, తీగ చుట్ట భుజాన వేసుకుంది. అక్కడే నిలబడ్డ లక్ష్ముడి చేతిలోంచి డప్పు లాక్కుంది. ఆడది డప్పు ముట్టకూడదని ఎవరో గొణిగితే, వాడి వంశాన్నంతటినీ ఒక్క తిట్టులో కడిగేసి గట్టు మీదికి పరుగెత్తింది. కొట్టింది. చేతులు బొబ్బలెక్కేలా కొట్టింది. తిప్పల మీదివాళ్లు తలెత్తి చూసి, పశువుల్ని అదిలించుకుంటూ పరుగు అందుకున్నారు.

రాముడు అందరికన్నా ఆఖర్న వచ్చాడు. ఎడ్లు గట్టెక్కాయో లేదో, ఎర్రనీళ్లు చెట్లతో సహా విరుచుకుపడ్డాయి. ఇంతసేపూ అతను నిలబడ్డ తిప్ప కనబడకుండా పోయింది.

జగ్గమ్మ డప్పు కిందపడేసి బావురుమంది. అతను రొప్పుతూ ఆమె భుజం కేసి చూశాడు.

“ఒసే, మన వాటా తీసేసినావేటి?”

ఆమె ఏడుపు ఠక్కున ఆగింది.

“మన వాటానా?”

“పుట్టింటి బిందె కరిగిపోతాదని కుమిలిపోతన్నావు కదా. అందుకే తెచ్చినాను. గవర్నమెంటు తీగ, ఎవుడి అబ్బ సొమ్మని?”

ఊరంతా వినేలా తను తిట్టిన తిట్లన్నీ తన గుమ్మానికే తగిలాయి. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తీగ చుట్ట తీసి అతని మెడలో వేసింది.

“నడు, పోస్టాఫీసుకి. నీ నోటితోనే సెప్పు.”

“కట్టుకున్న మొగుణ్ణి పట్టిస్తావటే?”

“నువ్వు ఏట్లో ఉన్నావని నేను కొట్టినాను. రేపు ఇంకొకత్తి మొగుడు ఏట్లో ఉంటే, ఎవుత్తి కొడతాది రా?”

మొగుణ్ణి ఆమె ‘రా’ అనడం ఊరు వినడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. అతన్ని ముందు నడిపించుకుంటూ గుడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. బిందె తీసి చాటలో పడేసింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.