రెండు అద్దాల మధ్య ప్లేటు

గోపాలప్ప వజ్రపు కలాన్ని కిరసనాయిల్లో ముంచి, కొలబద్ద వెంట ఒక్క గీత గీశాడు. గాజు మీద గీత సరిగ్గా దిగిందో లేదో చెప్పేది కన్ను కాదు, చెవి. పట్టుచీర చిరిగినట్టు సన్నని చప్పుడు వస్తే దిగినట్టే. పలకను బల్ల అంచుకు జరిపి బొటనవేళ్లతో నొక్కాడు. టక్కుమని రెండైంది. చిక్కపేట సందులో ఆ అద్దాల అంగడికి రోజంతా ఆ చప్పుడే సంగీతం. ఈరోజు మాత్రం టక్కుమన్నప్పుడల్లా గోపాలప్ప గుండె కూడా బల్ల అంచుకు జరుగుతోంది.

పొట్టి మనిషి. వంగి వంగి పనిచేయడంతో తలకంటే భుజాలే ముందు నడుస్తాయి. అరచేతుల నిండా పాత గాట్లు. ఒకసారి చెయ్యి చూసి జాతకం చెబుతానని కూర్చున్నవాడు, బ్రహ్మ రాసిందేదో గాజు రాసిందేదో తేల్చుకోలేక లేచిపోయాడు.

చేతిలో కలం, చూపు మాత్రం వాకిలి బయట. ఎండ వచ్చింది. పోయింది. జూన్ నెల బెంగుళూరు ఎండకు మాట మీద నిలబడే అలవాటు లేదు.

"ఏమప్పా గోపాలప్పా, ఆకాశానికి కూడా కొలతలు తీస్తా ఉండావా?" అన్నాడు యజమాని నంజప్ప గల్లా దగ్గర నుంచి. "ఆ షోకేసు అద్దాలు ఎప్పుడిస్తావు?"

"ఇస్తా సామీ. స్వల్ప ఎండ రానీ."

"అద్దానికి ఎండతో ఏం పని?"

"అద్దానికి లేదు. నాకుండాది."

అంగడి మిద్దె మీద రెండు మందపాటి గాజుపలకల మధ్య ఒక పాటల ప్లేటు ఎండుతోంది. అది వంకర పోయింది. ఎండకు మెత్తబడి, పై పలక బరువుకు చదును కావాలి. ఎండ తక్కువైతే వంకర పోదు, ఎక్కువైతే పాట పోతుంది. పొద్దున్నే ఊరి చివర హూడి నుంచి రమ్య ఫోను చేసింది. "మామా, నాయన రాత్రి నుంచి ఒకటే మాట. గోపాలుణ్ని ప్లేటు తెమ్మను అంటాడు. డాక్టరు ఇంగ మా చేతిలో లేదన్నాడు. తొందరగా రాండి."

రమ్య నాయన భుజంగరావు. ఆ ప్లేటులో సగం అతనిది. అది వంకర పోయిన సంగతి అతనికి తెలియదు. తెలియకుండానే, చివరిసారి దాన్ని వినిపించి పంపించాలి. గోపాలప్పకు ఈరోజు ఉన్న పనల్లా అదొక్కటే.

వాళ్లిద్దరినీ కలిపింది రెడ్ ఆక్సైడ్స్. ఊళ్లో ప్రతి ఇంటి ఎర్రగచ్చుకూ వేసే రంగు పేరునే తమ పేరుగా పెట్టుకుని, గిటార్లు తగిలించుకుని ఇంగ్లీషులో పాడిన నలుగురు కంటోన్మెంటు కుర్రాళ్లు. వయసులో ఉన్న గోపాలప్ప ఒకరోజు వాళ్లు సాధన చేసే హాలుకు కిటికీ గాజు బిగించడానికి పోయి, ఆ మోజులో తానే బిగుసుకుపోయాడు. అదే రోజు అదే హాలులో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియను భుజంగరావు. ఫ్యాను సంగతేమోగానీ, అతను ఫ్యాను అయ్యాడు. పాటల్లో ముక్క ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం అడ్డం రాకపోవడం వల్ల ప్రేమ సూటిగా దిగింది.

బ్యాండు మూడు ప్లేట్లు వేసి విడిపోయింది. మొదటి రెండూ ఇద్దరి దగ్గరా ఉన్నాయి. మూడోది అంగట్లో ఒక్కటే మిగిలి ఉంటే ఇద్దరూ చేతులు వేశారు, ఇద్దరూ వదల్లేదు. చివరికి ఒప్పందమైంది. ప్లేటు ఒకరింట్లో, బొమ్మ ఉన్న అట్ట ఇంకొకరింట్లో. ప్రతి ఉగాదికీ మార్చుకోవాలి. అట్ట లేని ప్లేటుకు పరువుండదు, ప్లేటు లేని అట్టకు పనుండదు. కాబట్టి వినాలనిపిస్తే ఒకరి గడప ఒకరు తొక్కాల్సిందే. ఇన్నేళ్లలో ఇద్దరిలో ఎవరూ ప్లేటు ఫిరాయించలేదు. ఈ ఏడు ప్లేటే ఫిరాయించింది. పండగ ముందు భార్య చౌడమ్మ సున్నం కొట్టేటప్పుడు సామాను మిద్దె మీదికి చేరవేసి, దాన్ని అక్కడే మరిచాడు గోపాలప్ప. సాయంత్రానికి అప్పడమై కూర్చుంది. ఉగాదికి జ్వరమని అబద్ధం చెప్పి హూడి పోలేదు. ఆ తర్వాత భుజంగరావే మంచం పట్టాడు.

మధ్యాహ్నానికి మబ్బు విడిచింది. గోపాలప్ప మిద్దె ఎక్కి పై పలకకు చెంప ఆనించాడు. బిడ్డ నుదురు చూసినట్టు చూశాడు. కాలింది. ఇంకాస్త అనుకున్నాడు. వెంటనే వద్దనుకున్నాడు. నీడలోకి జరిపి పక్కన గొంతుక్కూర్చున్నాడు. లోపల నల్లని ప్లేటు పరుచుకున్నట్టే కనబడుతోంది. ఒక అంచు దగ్గర మాత్రం వెలుతురు ఇంకా దూరుతోంది. చల్లారక ముందే బయటికి తీస్తే మళ్లీ పాత బుద్ధికే పోతుంది. చల్లారేదాకా కూర్చుంటే హూడిలో ఏమవుతుందో తెలియదు.

అద్దాలతో సహా గోతాంలో చుట్టి గుండెకు హత్తుకుని బస్సెక్కాడు.

"ఏమప్పా అది? లగేజి టికెట్టు తీస్కో," అన్నాడు కండక్టరు.

"ఎత్తుకుంటాలే."

"ఎత్తుకుంటే ఫ్రీ బిడ్డకే. ఇదేమన్నా ఏడుస్తుందా?"

"పాడతాది."

కండక్టరు అతని ముఖం వైపు చూసి, జోకు కాదని తేల్చుకుని టికెట్టు చింపాడు.

నిలబడే చోటులో మోచేతులు, సంచులు, టిఫిను డబ్బాలు. ఒక లావుపాటి ఆయన నిద్రమత్తులో గోతాం మీదికి ఒరిగినప్పుడల్లా గోపాలప్ప భుజంతో నెట్టాడు. హూడి వచ్చేలోపు బాడీలో ఎముక మిగిలేలా లేదు. మారతహళ్లి దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు మొత్తం ముందుకు తూలింది. గోతాంలో టక్కుమంది.

ఆ చప్పుడు అతనికి తెలిసినంత బాగా ఆ బస్సులో ఎవరికీ తెలియదు. తెలియకపోతే బాగుండేది. విప్పి చూడటానికి చెయ్యి రాలేదు. మిగిలిన దారంతా చెవి గోతానికి ఆనించి నిలబడ్డాడు.

రమ్య తలుపు తీసింది. కొత్త అపార్టుమెంటు, కిటికీ పక్కన మంచం. భుజంగరావు దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నంత పలచబడ్డాడు. చెంపలు లోపలికి పోయి, ముక్కు ఒక్కటే పాత కొలతలో మిగిలింది. గుండె మీద అట్ట, అట్ట మీద చెయ్యి.

"వచ్చినావా. నీకంటే ముందు యముడు వస్తాడేమో అనుకుంటి."

"ఆయనా నా బస్సులోనే ఉండె. సీటు దొరక్క ఆడుగోడిలో దిగిపోయినాడు."

భుజంగరావు ముక్కులోంచి గాలి వదిలాడు. ఇప్పుడు అదే అతని నవ్వు.

గోపాలప్ప వాకిట్లోనే వీపు తిప్పి గోతాం విప్పాడు. పగిలింది పై పలక. ప్లేటుకు గాటు లేదు. తుడిచి, మంచం పక్కనున్న పాటల పెట్టె మీద పెట్టి, తిరగనిచ్చి ముల్లు దించాడు. ఒక వజ్రంతో పొద్దంతా కోసిన చెయ్యి ముల్లు కొసనున్న ఈ చిన్న వజ్రాన్ని కూయించాలి. గిటారు మొదలైంది. ముల్లున్న పెట్టె చెయ్యి పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది. మూడో తిరుగుడుకు ఎగిరి పాట నడుమలో పడింది.

భుజంగరావు తల తిప్పి చాలాసేపు దాన్నే చూశాడు. "ఏమిరా అది?"

గోపాలప్ప పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "సున్నం కొట్టేటప్పుడు మిద్దె మీద మరిస్తి. చౌడమ్మ కాదు, నేనే. ఈ పొద్దు ఎండలో పెట్టి సరిచేస్తి. పూర్తిగా పోలా."

"ఎప్పుడు మరిస్తివి?"

"ఉగాదికి ముందు."

"అందుకా జ్వరమంటివి."

"అవు."

భుజంగరావు కళ్లు మూసుకున్నాడు. ముల్లు మళ్లీ ఎగిరింది. లేచి దాన్ని ఆపాలా, తానే లేచిపోవాలా గోపాలప్పకు తోచలేదు. ముప్పై ఏళ్ల ఒప్పందం భుజంగరావు దవడ కదలిక మీద ఆగి ఉంది.

"జ్వరం నీకు కాదు, దానికి వచ్చినట్టుండాది," అన్నాడు భుజంగరావు కళ్లు తెరవకుండానే. "చెప్పుంటే తిట్టేవాణ్ని కదరా. తిట్టే ఓపిక ఉన్నప్పుడు చెప్పాల్సింది." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "రమ్యా, ఆ బలం మాత్ర ఇట్ల తే."

రమ్య మాత్ర, నీళ్లు తెచ్చింది.

"నీళ్లొద్దు. మామకియ్యి. ముల్లు నెత్తిన పెట్టు గోపాలా. నాలో నిలబడని బలం, దాన్నన్నా కూర్చోబెడతాది."

చేతి మీద సూది పీకిన చోట అంటించిన పట్టీని తానే మెల్లగా ఊడదీసి ఇచ్చాడు. గోపాలప్ప లావుపాటి తెల్లమాత్రను ముల్లు తల మీద పెట్టి పట్టీ అంటించాడు. మొదటి నుంచి దించాడు. ముల్లు లేచింది, దిగింది. ఎగరలేదు.

గోపాలప్ప నేల మీద కూర్చున్నాడు. ఒక్కొక్క తిరుగుడునూ కంటితో దాటించాడు. మంచం మీది వేలు అట్ట మీద తాళం వేస్తోంది. రెండో పాట. మూడోది. ప్లేటు లోపలికి పోయేకొద్దీ వంకర తగ్గి, గొంతు నిలకడగా వచ్చింది. చివరి పాటలో నలుగురూ కలిసి పాడే చోటు దాకా వేలు ఆడింది. ఆ తర్వాత ఆడలేదు. గోపాలప్ప చూశాడు. పాట ఆపలేదు.

పాట అయిపోయింది. వంటింట్లోంచి వచ్చిన రమ్య నాయన చెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఇంకో పక్క ఉండాది కదమ్మా," అన్నాడు గోపాలప్ప. "వేయమంటాడేమో అడుగు."

రమ్య అడగలేదు.

చీకటి పడేలోగా కింది అంతస్తు వాళ్లు వచ్చారు, చాప పరిచారు, మంచం ఖాళీ చేశారు. ఎవరో దారికి అడ్డమని పెట్టెను గోడ వారకు జరిపి స్విచ్చి ఆర్పారు. ప్లేటు మెల్లగా ఆగింది. ముల్లు తల మీద, పట్టీ కింద, మింగని తెల్లమాత్ర అలాగే ఉంది.