వేరుగా తినడానికి సెలవు

మా దండులో నేను కాచే గ్రేవీ ఎంత చిక్కనిదంటే, ఒకసారి గోడ బీటలిస్తే ఇంజినీర్లు బకెట్టుతో పట్టుకెళ్లి పూడ్చారు. తర్వాత కాన్సాస్ సుడిగాలి వచ్చి ఊరంతా ఊడ్చేసింది గానీ, ఆ గోడని మాత్రం ఓసారి నాకి వెళ్లిపోయింది. అలాంటి నా మెస్సులో తిననని ఒకడు దరఖాస్తు పెడితే నాకెలా ఉంటుంది?

వాడి పేరు లైల్ బ్రాండ్‌వోల్డ్. మా దగ్గర పెళ్లైనవాళ్లు ఇంట్లో తింటారు. బ్యారక్‌లో ఉండేవాళ్లు మెస్సులోనే తినాలి, వేరుగా తినాలంటే కెప్టెన్ సెలవివ్వాలి. లైల్‌కి పెళ్లాం లేదు, కడుపులో పుండూ లేదు. కారణం అడిగితే నోరు విప్పడు. జెండా కర్ర వెనక నిలబడితే హాజరు వేసేవాడికి కనపడనంతగా చిక్కిపోయాడు.

మా దళాన్ని కంపెనీ అంటారు, దాని పెద్ద సార్జెంట్ పర్విస్ నేరుగా నా మీదకొచ్చాడు. నేను వండే గుడ్లు తినబట్టే లైల్ ఇలా అయ్యాడన్నాడు. నాకు రోషం వచ్చింది. కోళ్లు వేయించాను, పీచ్ పళ్లు కూరి పై అనే తీపి రొట్టె కాల్చాను. ఆ వాసనకి పక్క జిల్లా కుక్కలన్నీ మా గేటు ముందు వరస కట్టాయి. లైల్ మాత్రం ముక్కని పళ్లెంలో అటూ ఇటూ నెట్టి లేచిపోయాడు.

మా మెస్సు తలుపు పక్కన, పోయినవాళ్ల పేరున, తిరిగిరానివాళ్ల పేరున ఒక గుండ్రటి చిన్న బల్ల ఉంటుంది. తెల్ల గుడ్డ, పళ్లెంలో నిమ్మ చెక్క, చిటికెడు ఉప్పు, బోర్లించిన గ్లాసు, ఖాళీ కుర్చీ. దాన్ని సర్దడం గొప్ప గౌరవం. మా కంపెనీవాడే ఆర్సెనో, లారీ పేలి పోయాడు. అదే లారీలోంచి బతికొచ్చినవాడు లైల్. అందుకని పర్విస్ ఆ గౌరవం వాడికే ఇచ్చాడు. కంపెనీ అంతా బాగుందంది.

ఓ మధ్యాహ్నం కెప్టెన్ వెట్‌జెల్ తన ట్రే తెచ్చుకుని లైల్ ఎదురుగా కూర్చుంది. వంట నచ్చలేదా అని అడిగింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"వంటకేం మేడమ్, బానే ఉంది," అన్నాడు లైల్. "రోజూ నిమ్మకాయ కోసి ఆర్సెనో పళ్లెంలో పెడతాను. వాడి గ్లాసు బోర్లిస్తాను. మళ్లీ ఆ చేత్తోనే ఇక్కడ తినాలి. ముద్ద దిగట్లేదు," అన్నాడు.

వెనక నిలబడ్డ పర్విస్ ముందుకొచ్చాడు. "నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు గౌరవించి ఇచ్చారు సార్జెంట్. వద్దని ఎలా అనమంటారు?"

కెప్టెన్ అక్కడికక్కడే వాడి దరఖాస్తు మీద సంతకం పెట్టింది. పెట్టాక అందరికీ తట్టింది, మరి వీడు ఎక్కడ తింటాడని. బ్యారక్‌లో పొయ్యి వెలిగించకూడదు. నా వంటింట్లో బంగాళాదుంపల బస్తాలున్నాయి, ఒకదాని మీద కూర్చుంటే ఎవరికీ అడ్డం కాడన్నాను. కెప్టెన్ పైకప్పు వైపు చూసింది. అది ఒప్పుకోవడమే.

మర్నాడు లైల్ బస్తా మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వడ్డించే కిటికీలోంచి చూస్తే అవతల మెస్సులో పర్విస్ స్వయంగా బల్ల సర్దుతున్నాడు. కుర్చీని జరుపుతాడు, చూస్తాడు, మళ్లీ జరుపుతాడు. ఎంతసేపటికీ వదలడు.

నా వెనక చెంచా గిన్నెకి తగిలిన చప్పుడైంది. లైల్ బీన్స్ సూప్ సగం దాకా తాగాడు.

"ఇంకాస్త వెయ్యనా?"

"ఉండు. ముందు ఇది అవనీ."