తోలు సీటు

సైకిలు సీటు రాడ్డు ఫ్రేములోకి దిగే చోట చుట్టూతా భద్రయ్య నూనె చుక్కలు వేశాడు. వెనక చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకొని, రెండు చేతులా సీటు పట్టి తిప్పాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్లీ తిప్పబోయాడు గాని, ఊపిరి బిగబట్టే పనులేవీ చేయొద్దని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, వదిలేసి గడప మీద కూర్చున్నాడు.

చిలకలగూడలో వాళ్లుండే రెండు గదుల వాటాకు ముందు సన్నటి వరండా ఉంది. సైకిలు ఉంటే మనిషి పక్కకు తిరిగి నడవాలి. పన్నెండేళ్లుగా ఆ ఇంటికి వచ్చిన వాళ్లంతా పక్కకు తిరిగే నడిచారు. రాడ్డు కూడా ఆ పన్నెండేళ్లు ఒకే ఎత్తులో ఉండి, లోపల తుప్పుతో ఉడుంపట్టు పట్టింది. ఇప్పుడది నాలుగు వేళ్ల మందం కిందికి దిగాలి. రేపు తెల్లవారుజామున ఈ సైకిలెక్కే నర్సు హదస్సా భద్రయ్య భుజం దాకా కూడా రాదు.

భద్రయ్య పొడగరి. అరవై దగ్గర పడ్డా నడుము వంగలేదు గాని, మెడ మాత్రం కాస్త ముందుకు సాగింది. హ్యాండిల్ మీదికి వంగి దూరం చూసీ చూసీ అలా అయింది. మోచేతుల దాకా నలుపు, అక్కడి నుంచి పైకి చామనఛాయ. చొక్కా విప్పితే ఇద్దరు మనుషుల్ని తెచ్చి అతికించినట్టుంటాడు. అందులో నల్లటి భాగం రోడ్డుది. మిగతాది లిఫ్టుది.

బేగంపేటలో ఒక ఆసుపత్రిలో అతను లిఫ్టు నడుపుతాడు. రోగుల మంచాలు పట్టే పెద్ద లిఫ్టు, దాని మూలన ఒక స్టూలు. పెళ్లయిన కొత్తలో ఆ స్టూలు మీద కూర్చున్నవాడు ఇంకా దాని మీదే ఉన్నాడు. పైకి పోయాడు, కిందికొచ్చాడు. ఎంత తిరిగినా ఆసుపత్రి గేటు దాటింది లేదు. పుట్టినవాళ్లు ఆ లిఫ్టులోనే దిగారు, పోయినవాళ్లూ అందులోనే దిగారు. భద్రయ్య మీట నొక్కాడు, తలుపు తీశాడు, తలుపు మూశాడు. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదని ఆసుపత్రిలో చాలామంది అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, సైకిలు లిఫ్టులోకి రాదు కదా.

ఒక ఆదివారం తెల్లవారుజామున, రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మెరిసే చొక్కాలు తొడుక్కున్న కొందరు సైకిళ్ల మీద బయల్దేరుతూ కనిపించారు. ఎక్కడికని అడిగితే ఒకాయన కామారెడ్డికి అన్నాడు, పక్క గల్లీకి అన్నంత తేలిగ్గా. భద్రయ్య తన పాత డొక్కు సైకిలు మీద, ఊరికే చూద్దామని, వాళ్ల వెనక మేడ్చల్ దాకా పోయాడు. అక్కడ సైకిలు వెనక్కి తిరిగింది గాని మనసు తిరగలేదు. రోడ్డు అలా ముందుకే పోతుందని, దానికి ఫలానా అంతస్తులో ఆగాలన్న నియమం లేదని ఆ రోజే చూశాడు.

తర్వాత రాంగోపాల్‌పేట్‌లో పాత ఇనుప సామాన్ల కొట్లో ఈ స్టీలు ఫ్రేము దొరికింది. అల్యూమినియం తేలిక, కార్బన్ ఇంకా తేలిక అని అందరూ చెప్పారు. స్టీలైతే రోడ్డు గతుకులో సగం తనే దాచుకొని మిగతా సగమే మనిషికిస్తుందని భద్రయ్య నమ్మకం. ముదురు నీలం రంగు వేయించాడు. ఒక్కో సామానూ ఒక్కో పండక్కి కొన్నాడు. సీటు మాత్రం తోలుదే కావాలన్నాడు. కొత్తలో అది చెక్కలా ఉండి, కూర్చుని దిగితే కుంటుతూ నడిచేవాడు. భార్య విమలమ్మ నవ్వింది, తిట్టింది, చివరికి వేన్నీళ్ల కాపడం పెట్టింది. ఏడాదికి తోలు లొంగింది. అతని ఎముకలు ఆనే చోట రెండు గుంతలు పడ్డాయి, ఎడమది కొంచెం లోతు. అప్పటి నుంచి ఆ సీటు మీద ఎంతసేపున్నా, కూర్చున్నట్టే తెలియలేదు. తోలు తడిస్తే పాడవుతుందని విమలమ్మే పాత గొడుగు గుడ్డతో దానికొక తొడుగు కుట్టింది. సైకిలంటే ఆమెకు పడదు. అయినా వాన రాబోతుంటే, బట్టల తీగ దగ్గరికి పోవడం కంటే ముందు ఆ తొడుగు తీసుకొని వరండాలోకి పోయేది.

రెండు వందల కిలోమీటర్ల రైడ్లు, మూడు వందలవి, నాలుగు వందలవి అన్నీ పూర్తి చేశాడు, అన్నిట్లోనూ చివరివాడుగా. నిదానమే ప్రధానం అన్న సామెతకు కాళ్లొచ్చి సైకిలెక్కిందని జట్టులో వాళ్లు అతన్ని ఆటపట్టించేవాళ్లు. ఆరు వందలది మాత్రం దక్కలేదు. ఆదిలాబాద్ పోయి నలభై గంటల్లో తిరిగి రావాలి. మొదటిసారి నిర్మల్ దాటలేకపోయాడు. రెండోసారి ఆదిలాబాద్ చూశాడు, తిరుగుదారిలో కామారెడ్డికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఈసారి తప్పదనుకున్నాడు. ఈలోగా ఛాతీలో పట్టేయడం, పరీక్షలు, గుండె నాళంలో ఒక స్ప్రింగు వేయడం అయిపోయాయి. తర్వాత ఒక రోజు గుండె డాక్టరు లిఫ్టెక్కి, ఇక దూరాలు వద్దు భద్రయ్యా, బజారు దాకా చాలు అన్నాడు. మూడో అంతస్తులో మొదలైన మాట కింది అంతస్తు వచ్చేలోపే అయిపోయింది. భద్రయ్య తలుపు తీసి, సరే సార్ అన్నాడు.

హదస్సా ఆ ఆసుపత్రిలోనే నర్సు. మొదట్లో భద్రయ్య మాటలు వినే సైకిలెక్కింది, ఇప్పుడు ఆరు వందలకు పేరిచ్చింది. పోయిన వారం సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆటో గుద్దితే ఆమె సైకిలు ఫ్రేము చిట్లింది. అల్యూమినియం, అతికితే నమ్మడానికి లేదు. ఆమె అడగలేదు. భద్రయ్యే, నాది తీస్కపో సిస్టర్ అనేశాడు. అన్నాక ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేకపోయాడు. సైకిలిచ్చినందుకు కాదు. ఆదిలాబాద్‌కు తను పోలేడు, కనీసం తన సీటు పోయి రావాలని లోపల ఒక ఆశ పుట్టింది. అరవై ఏళ్ల మనిషికి ఇదేం పిల్లచేష్టని తనకే సిగ్గేసింది. ఆశ మాత్రం పోలేదు. ఆమె ఒళ్లు వేరు, ఆ గుంతలు వేరు అని అతనికి తెలుసు. తెలిసీ, తోలే కదా, సర్దుకుంటుందిలే అని వారం నుంచి తనకు తను సర్దిచెప్పుకుంటున్నాడు.

విమలమ్మ పొయ్యి మీది గిన్నె చీరకొంగుతో పట్టుకొని వరండాలోకి వచ్చింది. "తొక్కు సీస మూత రాకుంటే ఉడుకు నీళ్లు పోస్తం గద. ఇదీ గంతే, జెర పక్కకు జరుగు" అని, ఫ్రేము గొట్టం మీద సన్నగా ధార పోసింది. వాడుతున్న నూనె కూడా ఆమె కుట్టుమిషనుదే. భద్రయ్య సీటు పట్టి తిప్పాడు. కిర్రుమని ఒక మూలుగు వచ్చి, రాడ్డు వెంట్రుకవాసి కదిలింది. తర్వాత అదే వచ్చేసింది. దాని మీద పన్నెండేళ్ల ఎత్తు ఎర్రటి తుప్పు గీతలా మిగిలింది. భద్రయ్య దాన్ని గుడ్డతో తుడిచాడు, గీత పోలేదు. గ్రీజు పూసి కిందికి దింపితే, ఆ గీత ఫ్రేము లోపలికి మునిగిపోయింది.

డ్యూటీకి బస్సులో పోయాడు. మధ్యాహ్నం హదస్సా ఒక రోగి మంచం తోసుకుంటూ లిఫ్టెక్కింది, రోగిని పైన దించి వట్టి మంచంతో మళ్లీ దిగింది. ఆ దిగేటప్పుడు, తనకు భయంగా ఉందని, రాత్రి నిర్మల్ దగ్గర ఆగిపోతానేమోనని చెప్పింది. భద్రయ్య లిఫ్టును రెండో అంతస్తులో ఆపి, తలుపు తీయకుండా పట్టుకున్నాడు. ఉద్యోగంలో అతను చేసిన తప్పులేవైనా ఉంటే ఇలాంటివే.

"ఆరు వందలని మనసుల పెట్టుకోకు సిస్టర్. కామారెడ్డి కాడ చాయ్ తాగనీకి పోతున్న అనుకో. అది తాగినంక ఇంకో చాయ్ నిర్మల్ల ఉందనుకో. నేను రెండుసార్లు సుత ఆదిలాబాదే అనుకుంట పోయిన, అందుకే ఒడ్వలే."

ఆమె సరేనని తలాడించింది. బయట ఎవరో తలుపు కొట్టారు.

సాయంత్రం ఆమె చిలకలగూడ వచ్చింది. భుజాన ఒక గుడ్డసంచి ఉంది. అందులో గుండ్రంగా ఉబ్బిన ఆకారం చూడగానే అది ఆమె పాత సైకిలు సీటని భద్రయ్యకు తెలిసిపోయింది. తెలియనట్టే ఊరుకున్నాడు. ఆమె కూడా సంచిని గోడ వారగా పెట్టి, దాని ఊసెత్తలేదు.

గోడ పట్టుకొని సీటెక్కమన్నాడు. మడమ పెడలు మీద ఆనితే కాలు నిటారుగా ఉందో లేదో చూశాడు. దారానికి నట్టు కట్టి మోకాలి దగ్గర నుంచి వేలాడదీసి, అది పెడలు మధ్యకు వచ్చేదాకా సీటును ముందుకు జరిపాడు. తనవి పొడుగు చేతులు, అందుకని హ్యాండిలును దూరంగా, కిందికి పెట్టుకున్నాడు. ఇప్పుడు హ్యాండిలును ఫ్రేముకు పట్టే మెడ గొట్టం పొట్టిది బిగించి, హ్యాండిలును సీటంత ఎత్తుకు లేపాడు. రెండో రోజు నడుము పట్టేసినప్పుడు ఆ ఎత్తు విలువ తెలుస్తుందన్నాడు. ఆమె బరువు తక్కువ గనక టైర్లలో కొంత గాలి తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. మడ్‌గార్డులు గలగలలాడకుండా బిగించాడు. ముందు చక్రం తిరిగితే వెలిగే దీపాన్ని రోడ్డుకు వంచాడు. ఒక్కో మరా తిరిగినకొద్దీ సైకిలు అతనికి కొంత దూరమవుతూ వచ్చింది. బాధగానే ఉంది. అయినా పని చేతిలో ఉన్నంతసేపు బాధ కూడా ఒక పక్కన కూర్చుని చూస్తుంది.

గల్లీ చివరిదాకా పోయి రమ్మన్నాడు. ఆమె పోయి వచ్చి, "చాలా బాగుంది బాబాయ్ గారూ" అంది. భద్రయ్య ఇంకో చుట్టు పోయి రమ్మన్నాడు.

ఈసారి వెనక నుంచి చూశాడు. ఆమె నడుము ఎడమకు జరిగింది, మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు. తన గుంతల అంచు ఆమెకు ఎక్కడ గుచ్చుకుంటోందో అతనికి చూపుతోనే తెలిసింది. గల్లీ చుట్టుకే ఇలా ఉంటే కామారెడ్డి కూడా చేరదు. తను నోరు మూసుకుంటే సీటు ఆమెతో పాటు పోతుంది. ఆమె పెద్దరికానికి తలవంచే మనిషి, నొప్పయినా చెప్పదు. రెండుసార్లు పూర్తికాని పని మూడోసారీ ఒడవదు, అంతే. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. ఆమె దిగి, నుదుటి మీద చెమట తుడుచుకొని నవ్వింది. ఆ నవ్వు చూసి భద్రయ్యకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఆ సంచి ఇటియ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె కదల్లేదు. "మీ సీటు మీదే ఆదిలాబాద్ పోయి వద్దామనుకున్నానండి. మీకోసం" అంది, తల దించుకొని.

"సీటు పోతే ఏమొస్తది? నువ్వు మళ్లొస్తే సాలు."

తోలు సీటు విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెది రబ్బరు సీటు, వానకూ దేనికీ భయపడదు. అది బిగించి మళ్లీ దారం వేలాడదీసి చూశాడు. ఈసారి గల్లీ చివరిదాకా ఆమె నడుము నిలకడగా ఉంది. విమలమ్మ కుంకుమ భరిణె తెచ్చి, ఆమె చర్చికి పోయే మనిషని గుర్తొచ్చి ఆగింది. పెట్టండి పిన్నిగారూ అని హదస్సానే హ్యాండిలు ముందుకు జరిపింది. తర్వాత తనూ దాని మీద చేయి వేసి, కళ్లు మూసుకొని పెదవులు కదిపింది. భద్రయ్య అప్పుడు ఎటు చూడాలో తెలియక చక్రాన్ని చూశాడు.

ఆమె సైకిలెక్కి తన ఇంటికి బయల్దేరింది. గల్లీ మలుపులో వెనక ఎర్రదీపం కాసేపు కనిపించి, తిరిగిపోయింది. భద్రయ్య పానాలు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో పెట్టి, ఇంట్లోకి నడిచాడు. వరండాలో అలవాటుగా పక్కకు తిరిగాడు. అక్కర్లేదని గుర్తొచ్చింది గాని, లోపలికి పోయేదాకా అలాగే నడిచాడు.

తోలు సీటును కుట్టుమిషను మీద పెట్టాడు. విమలమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను రైడుకు పోయిన ప్రతిసారీ ఆమె నిద్రపోక, వీధి దీపం కింద చప్పుడైనప్పుడల్లా లేచి చూసేది. సైకిలు అమ్మేయమని ఎన్నిసార్లు పోరిందో ఆమెకే తెలియదు.

"ఇయ్యాల్టి నుంచి మంచిగ నిద్ర పడ్తది అనుకున్న" అంది. "మల్ల ఇప్పుడు ఆ పిల్ల ఫికరు పట్టుకున్నది."

భద్రయ్య నవ్వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వడం. నవ్వుతూనే కళ్లు తడయ్యాయి. ఆమె చూసింది, చూడనట్టు మజ్జిగ పోసింది.

రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. విమలమ్మ లేచింది. బట్టల తీగ దగ్గరికి పోబోయి ఆగి, మేకుకున్న గొడుగు గుడ్డ తొడుగు తీసి, కుట్టుమిషను దగ్గరికి నడిచింది. ఇంట్లో ఉన్నదానికి ఎందుకని భద్రయ్య అనబోయి, అనకుండా చూస్తూ కూర్చున్నాడు. ఆమె తొడుగును సీటుకు నాలుగు పక్కలా లాగి, అంచులు సర్ది, బట్టలు తీయడానికి బయటికి పోయింది. నల్లటి గుడ్డ బిగుతుగా పట్టినా, ఆ రెండు గుంతలు పైకి కనిపిస్తూనే ఉన్నాయి, ఎడమది కొంచెం లోతుగా.